మాల వేసుకునే ముందే ఆసుపత్రికి: ఒక్కసారిగా తాగుడు మానబోతున్న నాన్న గురించి

పరకాల నుంచి మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైనది ఇది. నాన్నగారికి 54 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా తాగుతున్నారు. రెండు మూడేళ్ల నుంచి పొద్దున లేవగానే క్వార్టర్ పడితే తప్ప చేతుల వణుకు ఆగడం లేదు, సాయంత్రం కల్లు కూడా ఉంది. వచ్చే సోమవారం అయ్యప్ప మాల వేసుకుని ఆ రోజు నుంచే చుక్క ముట్టనని అంటున్నారు. పోయిన ఏడాది ఇలాగే మాల వేసుకుంటే మరునాడే ఫిట్స్ వచ్చి కింద పడిపోయారు. ఈసారి ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇంటికే వచ్చి సెలైన్ ఎక్కిస్తానన్నారు. ఆసుపత్రిలో చేర్పిస్తే పరువు పోతుందని అమ్మ భయపడుతున్నారు. ఇంట్లోనే మాన్పించవచ్చా అని మీ ప్రశ్న.

వద్దమ్మా. మీ నాన్నగారి విషయంలో ఇంట్లో వద్దు. మద్యం ఆపినప్పుడు ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషి మళ్లీ ఆపేటప్పుడు ఆసుపత్రిలో, డాక్టరు పర్యవేక్షణలోనే ఆపాలి. ఆయన సంకల్పాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయడం లేదు. ఆ సంకల్పం నిలవాలంటే మాలకు ముందు ఒక వారం ఆసుపత్రిలో గడవాలి, అంతే. నేను హనుమకొండలో మానసిక వైద్య విభాగంలో నర్సుగా చాలా ఏళ్లు పని చేశాను. అందులో ఎక్కువ కాలం, తాగుడు మానడానికి వచ్చినవారి వార్డులోనే ఉన్నాను. కార్తీక మాసం వస్తుందంటే మా వార్డులో మంచాలు సిద్ధం చేసుకునేవాళ్లం. దీక్ష తీసుకుని ఒక్కసారిగా మానేసి, రెండో రోజో మూడో రోజో నల్లబట్టలతోనే స్ట్రెచర్ మీద వచ్చేవారు ప్రతి ఏడాదీ ఉండేవారు. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

తాగుతున్నంత కాలమే ప్రమాదమని, మానేస్తే గండం గడిచినట్టేనని చాలామంది నమ్ముతారు. రోజూ పొద్దున్నుంచీ తాగే శరీరానికి ఆ లెక్క సరిపోదు. మద్యం మెదడును మందగింపజేస్తుంది. అది ఏళ్ల తరబడి అలా చేస్తుంటే, మేలుకుని ఉండటం కోసం మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం పని తగ్గిపోతుంది, ఉత్తేజపరిచే గ్లుటమేట్ పని పెరుగుతుంది. తలుపును అవతలి నుంచి ఒకరు నెడుతుంటే ఇవతల మనం భుజం ఆనించి ఎదురు నెడుతుంటాం. అవతలి మనిషి హఠాత్తుగా పక్కకు తప్పుకుంటే మనం బోర్లాపడతాం. మద్యం ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడుకు జరిగేది అదే.

దీనికి ఒక కాలక్రమం ఉంది, ఇది మీ ఇంట్లో అందరికీ తెలియాలి. చివరిసారి తాగిన 6 నుంచి 12 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మీ నాన్నగారికి పొద్దున్నే వచ్చే వణుకు ఇదే, రాత్రంతా మద్యం లేకపోవడం వల్ల వచ్చేది. ఫిట్స్ సాధారణంగా 6 నుంచి 48 గంటల మధ్య వస్తాయి. కొందరికి మొదటి రోజే ఎవరో పిలుస్తున్నట్టు, తిడుతున్నట్టు మాటలు వినిపిస్తాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైన దశ రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మొదలవుతుంది. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వార్డులో మేం డీటీ అంటాం. మొదటి రోజు కాస్త వణికి, రెండో రోజు తేరుకున్నట్టు కనిపించిన మనిషి మూడో రాత్రి ఇందులో పడవచ్చు. "నిన్న బాగానే ఉన్నాడు సిస్టర్" అని ఇంటివాళ్లు చెప్పే మాట అబద్ధం కాదు, ఈ జబ్బు తీరే అది.

డీటీలో మనిషికి తానెక్కడున్నాడో తెలియదు. జ్వరం, విపరీతమైన చెమట, పరుగెత్తే నాడి. ఒంటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుకుంటాడు, గోడ మీద పాములున్నాయంటాడు. చాలామంది తమ పని తాము చేసుకుంటున్నట్టే ప్రవర్తిస్తారు. లారీ డ్రైవరు మంచం మీద కూర్చుని గేర్లు మారుస్తాడు. కొత్తవాడలో మగ్గం నేసే మనిషి గాలిలో పోగులు సరిచేస్తాడు. గనిలో పనిచేసినవాడు పక్క మంచం అతన్ని షిఫ్టుకు లేపుతాడు. ఇంటి దగ్గర ఇది చూసినవాళ్లు గాలి సోకిందనో, ఎవరో బాణామతి చేశారనో అనుకుని తాయెత్తు కట్టించడానికి తీసుకుపోతారు. ఆ తిరుగుడులో పోయే రోజు చాలా విలువైనది. వైద్యం అందని డీటీ ప్రాణం తీస్తుంది. సకాలంలో అందితే ఎక్కువమంది బతికి బయటపడతారు. నేను దీన్ని గుండెపోటుతో సమానంగా చూస్తాను, మీరూ అలాగే చూడండి.

పోయిన ఏడాది ఫిట్స్ వచ్చాయని రాశారు కదా, ఆ ఒక్క వాక్యం చదివే ఇంత గట్టిగా వద్దంటున్నాను. తాగడం, ఆపడం, మళ్లీ తాగడం, మళ్లీ ఆపడం ఇలా జరిగేకొద్దీ మెదడు ప్రతిసారీ ముందటి కన్నా తీవ్రంగా స్పందిస్తుంది. పోయినసారి ఫిట్స్‌తో ఆగింది ఈసారి డీటీ దాకా పోవచ్చు. "పోయినసారి తట్టుకున్నాడు కదా" అని ధైర్యం చెప్పుకోవడానికి వీలు లేదు.

ఇది చదువుతున్న అందరికీ ఆసుపత్రి మంచమే కావాలని కాదు. తక్కువగా తాగేవారు, ఎన్నడూ ఫిట్స్ గానీ మతిభ్రమణం గానీ రానివారు, లివరు, గుండె జబ్బులు లేనివారు, ఇంట్లో పగలూ రాత్రీ చూసుకునే పెద్ద మనిషి ఉన్నవారు డాక్టరు రాసిన మందులతో, రోజూ డాక్టరుకు కనిపిస్తూ ఇంటి దగ్గరే మానవచ్చు. వయసు పైబడినవారు, గర్భిణులు, షుగరు, లివరు జబ్బులున్నవారు, ఒంటరిగా ఉండేవారు మాత్రం ఆ పని చేయకూడదు.

ఇప్పుడు కల్లు సంగతి. మన ఉత్తర తెలంగాణలో దీన్ని వదిలేసి తాగుడు గురించి మాట్లాడలేం. చెట్టు నుంచి దించిన కల్లు వేరు, దుకాణంలో సీసాల్లో అమ్మే మత్తు కల్లు వేరు. ఆ కల్లులో ఆల్ప్రాజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నట్టు ఎన్నో ఏళ్లుగా ఎక్సైజ్ దాడుల్లో బయటపడుతూనే ఉంది. మొదటి రెండూ డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వవలసిన మత్తు మందులు. అంటే మీ నాన్నగారు సాయంత్రం తాగేది అలాంటి కల్లయితే ఆయన శరీరం రెండింటికి అలవాటు పడి ఉంది: మద్యానికీ, తెలియకుండా మింగుతున్న ఆ మందులకూ. సోమవారం రెండూ ఒకేసారి ఆగుతాయి. ఆల్ప్రాజోలం ఒక్కసారిగా ఆగినా ఫిట్స్ వస్తాయి, మతి చలిస్తుంది, నిద్ర పూర్తిగా పోతుంది. వాటిని తగ్గించడానికి మామూలు మద్యం కేసు కన్నా ఎక్కువ రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి. 2020 మార్చి చివరలో లాక్‌డౌన్‌తో మద్యం షాపులు, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం పోటెత్తింది ఇందుకే.

కాబట్టి డాక్టరు దగ్గర కల్లు మాట దాచవద్దు. "కల్లే కదా, అది మందు కాదు కదా" అని ఇంటివాళ్లు చెప్పరు, డాక్టరు అడగకపోతే ఆ విషయం మరుగున పడిపోతుంది. రోజుకు ఎన్ని సీసాలు, ఏ దుకాణం, తాగిన రోజు ఎంత మత్తుగా పడుకుంటారు, తాగని రోజు ఎలా ఉంటారు, ఇవన్నీ చెప్పండి. గుడుంబా అలవాటు ఉంటే అదీ చెప్పండి. కల్లు తాగే ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. మోకాలి ఆపరేషన్ కోసమో కాన్పు కోసమో ఆసుపత్రిలో చేరి, మూడో రోజు అర్థం లేకుండా మాట్లాడటం మొదలుపెట్టిన తర్వాత గానీ వాళ్ల కల్లు అలవాటు బయటపడదు.

ఆసుపత్రిలో ఏం చేస్తారో తెలిస్తే అమ్మగారి భయం కొంత తగ్గుతుంది. చేరిన వెంటనే బీపీ, నాడి, జ్వరం, రక్తంలో చక్కెర చూస్తారు. చివరిసారి ఎప్పుడు తాగారు, ఎంత తాగారు అని అడుగుతారు. ఈ ప్రశ్నకు నిజమైన జవాబు సగం వైద్యంతో సమానం, ఎందుకంటే నేను ముందు చెప్పిన ఆ గంటలను మేం అక్కడి నుంచే లెక్క పెట్టుకుంటాం. లివరు, కిడ్నీ, సోడియం, పొటాషియం, మెగ్నీషియం పరీక్షలకు రక్తం తీస్తారు. పోయిన ఏడాది కింద పడ్డారు కాబట్టి తలకు దెబ్బ తగిలిందేమో కూడా చెప్పండి. తాగేవారు తరచూ పడుతుంటారు, తలలో నెమ్మదిగా రక్తం చేరితే అది కూడా మతిభ్రమణంలాగే కనిపిస్తుంది. అనుమానం ఉంటే సీటీ స్కాన్ తీస్తారు. లివరు బాగా పాడైన మనిషికి వచ్చే అయోమయం వేరు, న్యుమోనియాతో వచ్చేది వేరు. అన్నీ బయటికి ఒకేలా ఉంటాయి, వైద్యం మాత్రం వేరువేరు. ఇంట్లో మనం వీటిని విడదీయలేం.

తర్వాత మొదలయ్యేది నర్సుల పని. కొన్ని గంటలకొకసారి వచ్చి చేతులు ముందుకు చాపి వేళ్లు విడదీయమంటారు, వణుకు ఎంతుందో చూస్తారు. అరచేతి చెమట చూస్తారు. వాంతి వస్తోందా, తలనొప్పి ఉందా, ఆందోళనగా ఉందా, ఒంటి మీద ఏదైనా పాకుతున్నట్టుందా, శబ్దాలు, వెలుగు ఇబ్బంది పెడుతున్నాయా, ఈ రోజు ఏ వారం, ఇది ఏ ఊరు అని అడుగుతారు. దీనికి పది అంశాల కొలత ఒకటి ఉంది, మొత్తం 67 మార్కులు. ఎనిమిది, పది లోపు ఉంటే తేలిక, పదిహేను, ఇరవై దాటితే తీవ్రం. వచ్చిన మార్కును బట్టి డాక్టరు మందు పెంచుతారు, తగ్గిస్తారు. అర్ధరాత్రి లేపి వారం అడుగుతున్నారని చాలామంది విసుక్కుంటారు. ఆ ప్రశ్న ఎందుకో ఇంటివాళ్లకు ముందే తెలిస్తే మాకు ఎంతో సాయం.

ఇచ్చే మందు క్లోర్డయాజిపాక్సైడ్ గానీ డయజిపామ్ గానీ, లివరు బాగా లేకపోతే లొరాజిపామ్ గానీ అవుతుంది. ఇవి మద్యం తాకే ఆ గాబా వ్యవస్థనే తాకుతాయి, కాబట్టి మెదడు ఒక్కసారిగా బోర్లాపడకుండా నెమ్మదిగా దింపుతాయి. మొదటి రోజు ఎక్కువ మోతాదు, తర్వాత రోజురోజుకూ తగ్గించుకుంటూ సాధారణంగా వారం, పది రోజుల్లో ఆపేస్తారు. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తున్నారా" అని భయపడవద్దు, లెక్క ప్రకారం తగ్గించి ఆపినంతవరకు ఆ ప్రమాదం లేదు. మెడికల్ షాపులో కొనుక్కుని సొంతంగా వేసుకుంటేనే ప్రమాదం. ఈ మాత్రలు వేసుకుని పైన మద్యం తాగితే ఊపిరి ఆగిపోవచ్చు. ఆసుపత్రిలో వీటిని ఇస్తూ శ్వాసను గమనిస్తుంటారు, ఇంట్లో అలా గమనించేవారు ఉండరు.

ఆర్‌ఎంపీ సెలైన్ దగ్గరకు వస్తాను. ఊళ్లో అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చే మనిషి ఆయనే, ఆ ఉపకారం నాకు తెలుసు. ఆయన మీ శ్రేయోభిలాషి అని కూడా అనుకుంటున్నాను. కానీ ఈ పని ఆయన చేతిలోది కాదు. ఏళ్ల తరబడి అన్నం తగ్గించి మద్యం మీద బతికినవారి శరీరంలో బీ1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. చక్కెరను శక్తిగా మార్చుకోవడానికి మెదడుకు అది తప్పనిసరి. అలాంటి మనిషికి థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ బాటిళ్లు ఎక్కిస్తూ పోతే ఉన్న ఆ కాస్త విటమిన్ కూడా ఖర్చయి, వెర్నికే అనే మెదడు జబ్బు ముంచుకు రావచ్చు. కళ్లు సరిగా కదలవు, నడక తూలుతుంది, మనిషి అయోమయంలో పడతాడు. మూడూ ఒకేసారి కనిపించేది కొద్దిమందిలోనే, అందుకే మామూలు మత్తు అనుకుని వదిలేస్తారు. సకాలంలో థయామిన్ ఇంజెక్షన్ పడకపోతే కొత్త విషయాలు జ్ఞాపకం ఉండని కోర్సకాఫ్ జబ్బు శాశ్వతంగా మిగిలిపోతుంది. పొద్దున తిన్నది గుర్తుండదు, ఇంటికి వచ్చిన చుట్టం గుర్తుండడు. అరవై ఏళ్లు కూడా రాకముందే ఆ స్థితికి వెళ్లినవారిని చూశాను. ఇది రాకుండా ఆపే ఇంజెక్షన్ చవకైనది, పాతది. అందుకే ఆసుపత్రిలో మద్యం కేసు వస్తే గ్లూకోజ్ కన్నా ముందుగానో, దానితో పాటుగానో థయామిన్ ఇస్తారు. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతే మాత్రం గ్లూకోజ్‌ను ఆలస్యం చేయరు, రెండూ కలిపి ఇస్తారు. ఇంకొక మాట, సెలైన్ ఎన్ని బాటిళ్లు ఎక్కినా ఫిట్స్‌ను ఆపలేదు.

అన్నంలో తెలియకుండా కలిపితే తాగుడు మానిపోతుందని అమ్మే పొడుల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి సమయంలో ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారు. వాటిలో ఏముందో ఎవరికీ తెలియదు. కొన్నిసార్లు ఇంటివాళ్లే డైసల్ఫిరామ్ మాత్ర నూరి కూరలో కలుపుతారు. ఆ మాత్ర ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపేసిన రెండు వారాల వరకు కూడా ఆ ప్రభావం ఉండవచ్చు. అది మంచి మందే, కానీ తాగే మనిషికి చెప్పి, ఒప్పించి, చివరి చుక్క పడి కనీసం 12 గంటలు దాటాక డాక్టరు మొదలుపెట్టేది. చెప్పకుండా కలపడం ఆయన ప్రాణంతోనూ, మీ మీద ఆయనకున్న నమ్మకంతోనూ ఆడుకోవడం.

ఎక్కడికి వెళ్లాలంటే, మీకు దగ్గరలో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఉంది. అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది, అత్యవసర విభాగం 24 గంటలూ ఉంటుంది. ఈ మధ్య జయశంకర్ భూపాలపల్లి, ములుగు, జనగామ, మహబూబాబాద్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి అటు వైపు వారు ముందు అక్కడ అడగవచ్చు. మీకు హనుమకొండలో మానసిక వైద్యులున్న ప్రైవేటు ఆసుపత్రులూ దొరుకుతాయి. ఏది ఎంచుకున్నా రాత్రిపూట డాక్టరు, నర్సు ఉంటారా, ఫిట్స్ వస్తే, ఊపిరి ఇబ్బంది అయితే చూసే ఏర్పాటు ఉందా అని ముందే అడగండి. డీటీ వచ్చేది ఎక్కువగా రాత్రే.

"మాన్పించే కేంద్రం" అని బోర్డు పెట్టి, డాక్టరు లేకుండా, మనుషులను బండిలో ఎక్కించుకుపోయి గదిలో బంధించే చోట్లకు పంపవద్దు. అలాంటి చోట్ల నుంచి దెబ్బలతో, ఫిట్స్‌తో మా దగ్గరకు వచ్చినవారున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులకు కూడా వర్తిస్తుంది. మనిషిని గొలుసులతో కట్టేయడాన్ని అది పూర్తిగా నిషేధించింది. ఇలాంటి కేంద్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చూపించమని అడిగే హక్కు మీకుంది, చూపించకపోతే వెనక్కి తిరిగి వచ్చేయండి.

పరువు సంగతికి వస్తే, అదే చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచాలంటుంది. ఊళ్లో ఎవరైనా అడిగితే లివరు పరీక్షలకు, షుగరు చూపించుకోవడానికి వెళ్లారని చెప్పండి, ఆ పరీక్షలు నిజంగానే చేస్తారు కాబట్టి అది అబద్ధమూ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవారిలో నూటికి 43 మంది మద్యం తాగుతామని చెప్పారు. ఢిల్లీ ఎయిమ్స్ జరిపిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యమో సాయమో అందిందని అందులో తేలింది. మిగిలిన 37 మంది ఇళ్లలోనూ మీ అమ్మగారిలాంటివారే ఇలాగే మథనపడుతున్నారు. సోమవారం ఇంటి ముందు ఫిట్స్‌తో పడిపోతే వీధంతా చూస్తుంది. అమ్మకు ఈ ఒక్క మాట చెప్పండి.

ఆసుపత్రికి వెళ్లేదాకా ఏం చేయాలి? కష్టంగా అనిపించినా చెబుతున్నాను: నాన్నగారిని ఇప్పుడు సొంతంగా ఆపనివ్వవద్దు. రోజూ తాగే మోతాదుకు మించకుండా అలాగే తాగనివ్వండి. సీసాలు పారబోయడం, డబ్బులు దాచి ఒక్కసారిగా అందకుండా చేయడం ఆసుపత్రిలో చేరేదాకా వద్దు. అన్నం, పప్పు, గుడ్డు, మజ్జిగ తినిపించండి, నీళ్లు తాగించండి. బండి నడపనివ్వవద్దు, బావి దగ్గరకు, కరెంటు మోటారు దగ్గరకు ఒంటరిగా పంపవద్దు. ఈలోపే ఫిట్స్ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి. నోట్లో చెంచా గానీ గుడ్డ గానీ కుక్కవద్దు. చేతిలో తాళాలు, ఇనుము పెట్టినందువల్ల ఫిట్స్ ఆగవు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు పోయవద్దు. ఇలా ఫిట్స్ వచ్చినా, జ్వరంతో పాటు పిచ్చిమాటలు మొదలైనా, రక్తం కక్కినా, మలం నల్లగా వచ్చినా, పిలిస్తే పలకకపోయినా వెంటనే 108కి ఫోను చేయండి. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి మధ్యలో తెలివి రాకుండానే ఇంకొకటి వచ్చినా మరింత తొందర. మాట్లాడి సలహా తీసుకోవడానికి టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు. మద్యం, మత్తు పదార్థాల వ్యసనం గురించి మాట్లాడటానికి ప్రత్యేకంగా ఉన్న జాతీయ నంబరు 14446.

దీక్ష గురించి నాన్నగారితో నేరుగా మాట్లాడండి, వీలైతే మీ ఊరి గురుస్వామిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భిక్ష, నేల మీద పడక ఆరోగ్యవంతుడికి మంచివే. వణుకుతో, వాంతులతో, నిద్ర లేకుండా ఉన్న మనిషికి మొదటి వారంలో అవి చక్కెర పడిపోవడానికి, నీరసానికి దారి తీస్తాయి. ముందు ఆసుపత్రిలో వారం, పది రోజులు గడిపి, డాక్టరు సరేనన్నాక మాల వేసుకోవచ్చు. మండల పూజ డిసెంబరు చివర్లో వస్తుంది, మకరజ్యోతి జనవరి మధ్యలో. డిసెంబరు మొదట్లో వేసుకున్నా మకరజ్యోతికి 41 రోజులు నిండుతాయి. మాలలో ఉండగా మాత్రలు వేసుకోవచ్చా అన్న సందేహం చాలామందికి ఉంటుంది, దాని వల్లే కొందరు మందులు మానేస్తారు. డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటే వ్రతభంగం కాదని గురుస్వామి నోటితో ఒక్క మాట చెప్పిస్తే, మేం పది సార్లు చెప్పినదాని కన్నా ఎక్కువ పని చేస్తుంది. అలా చెప్పిన గురుస్వాములు మా వార్డు దాకా వచ్చి రోగులను పలకరించిన సందర్భాలు ఉన్నాయి, వారికి నేను మనసులో ఎన్నోసార్లు దండం పెట్టుకున్నాను.

ఆసుపత్రిలో గడిపిన వారం శరీరాన్ని మద్యం నుంచి క్షేమంగా బయటకు తెస్తుంది. కోరికను తీసేయదు. దానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులున్నాయి, లివరు దెబ్బతిన్నవారికి బాక్లోఫెన్ ఇస్తారు. లివరు, కిడ్నీ రిపోర్టులు చూసి ఏది సరిపోతుందో డాక్టరు నిర్ణయిస్తారు, నెలల తరబడి వాడాలి. దీక్షలో ఉన్న 41 రోజులు చాలామందికి నిజంగా తేలికగా గడుస్తాయి. ఒంటి మీద మాల, చుట్టూ స్వాములు, సాయంత్రం భజన, అందరూ "స్వామీ" అని గౌరవంగా పిలవడం, తాగే స్నేహితులు దూరంగా ఉండటం, ఇవన్నీ కాపాడతాయి. గట్టి పరీక్ష శబరిమల నుంచి తిరిగివచ్చి మాల తీసిన రోజున మొదలవుతుంది. ఆ సాయంత్రమే విందు పేరుతో సీసా తెరిచేవారు ఎక్కువ. 41 రోజులు మానిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు, ఆ ఒక్క రోజులోనే స్పృహ తప్పినవారున్నారు. అందుకే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే రోజే, మాల తీసే వారానికి డాక్టరు అపాయింట్‌మెంట్ రాయించుకోండి. ఆ తర్వాత వచ్చే పండుగలు, పెళ్లిళ్లు, మేడారం జాతర ఉన్న ఏడాది అయితే అది కూడా, ఎక్కడ ఎలా గడపాలో ముందే కూర్చుని మాట్లాడుకోండి.

సోమవారం దాకా ఆగవద్దు. రేపు పొద్దున్నే బయలుదేరండి. పరకాల నుంచి హనుమకొండకు గంట ప్రయాణం, దారిలో వణుకు మొదలవుతుందేమోనని ఆయన పొద్దున కాస్త తాగితే అడ్డుకోవద్దు, ఎప్పుడు ఎంత తాగారో మాత్రం కాగితం మీద రాసి పెట్టుకోండి. పోయిన ఏడాది ఫిట్స్ వచ్చినప్పుడు చూపించిన చీటీలు, ఇప్పుడు వాడుతున్న బీపీ, షుగరు మాత్రల పట్టీలు, ఆధార్ కార్డు, రెండు జతల బట్టలు, దుప్పటి తీసుకెళ్లండి. రాత్రి పక్కన ఉండటానికి ఆయన మాట వినే మనిషిని ఒకరిని పంపండి, వంతులుగా ఇద్దరైతే మంచిది. గదిలో రాత్రి చిన్న లైటు వెలగనివ్వమని నర్సును అడగండి, చీకటిలో భ్రమలు ఎక్కువవుతాయి. అమ్మగారు కూడా వస్తే, ఆమె నిద్ర, బీపీ ఎలా ఉన్నాయో అదే డాక్టరుకు ఒకసారి చూపించండి.